కాగితం పళ్లెం పాడిన ఏడాది

మొన్న మోకిలలో మా తమ్ముడు కొత్తగా కట్టుకున్న ఇంటికి వెళ్తే, వాళ్ల అమ్మాయి బడి ప్రాజెక్టు కోసం ఫోనులో ఆర్డరు పెట్టి తెప్పించిన రంగుల అట్టపెట్టె ఒకటి భోజనాల బల్ల మీద విప్పి ఉన్నది. ఇంట్లోనే స్పీకరు తయారు చేసుకునే సామానట అది. గుండ్రటి అయస్కాంతం, ముందే చుట్టి పెట్టిన రాగి తీగ చుట్ట, కొలత ప్రకారం కత్తిరించిన గట్టి కాగితం, దేనికి ఏది అతికించాలో చూపించే బొమ్మల కాగితం, అన్నీ ఎవరి గూట్లో వాళ్లు పడుకున్నట్టు పొందికగా సర్ది ఉన్నాయి. పిల్ల టీవీ మీద నుంచి చూపు తిప్పకుండానే వాటిని అతికించి, ఫోను తగిలించి, ఒక పాట సగం విని పక్కకు పెట్టేసి, "ఇంత ఈజీనా పెద్దనాన్నా, మా టీచరు ఊకెనే భయపెట్టింది" అని నవ్వింది. నా ముఖం చూసి మా మరదలు చాయలో చక్కెర తక్కువైందనుకున్నట్టుంది, డబ్బా తెచ్చి ముందు పెట్టింది. చక్కెర సంగతి కాదు. ఆ తీగ చుట్టను చేతిలోకి తీసుకున్నప్పటి నుంచి నా మనసు మొయినాబాదులోని ఒక ఆకుపచ్చ బీరువా ముందు నిలబడి ఉన్నది.

చేవెళ్లలో డిగ్రీ ముగించిన ఏడాదే నేను మొయినాబాదులో ఒక ప్రైవేటు బడిలో సైన్సు సారుగా చేరాను. బడి అంటే పొడవాటి రేకుల షెడ్డు, దాని ముందు ఒక సిమెంటు గది, ఆ గదిలో ఆ బీరువా. బడి పెట్టిన కరస్పాండెంటు మాకు పరాయివాడు కాదు, మా పెద్దబాపు బిడ్డను, అంటే నాకు అక్కను, ఆయన కొడుక్కే ఇచ్చారు. అందుకని ఆయనను బడిలో సార్ అనీ, బయట మామా అనీ పిలిచేవాణ్ని. చేరిన రోజే ఆయన నా పదో తరగతి మెమో, ఇంటరుది, డిగ్రీది, అన్నీ అసలువి తెమ్మని, ప్లాస్టిక్ కవరులో వేసి బీరువాలో పెట్టి, తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాడు. ఆ రోజుల్లో ప్రైవేటు బళ్లన్నిటా అదే రివాజు. సారు ఏడాది నడుమ బడి విడిచిపోకుండా ఉండాలంటే సారు కాగితాలు బడిలో ఉండాలి. మీలో అప్పట్లో పాఠాలు చెప్పినవాళ్లు ఎవరైనా ఉంటే, మీ కాగితాలు కూడా ఇట్లాంటి ఏదో ఒక బీరువాలో ఊపిరాడక పడి ఉండే ఉంటాయి. మా బాపును అడిగితే, "అయినోళ్ల దగ్గరనే ఉన్నయి గద, నీకేం ఫికరు" అన్నాడు. అయినవాళ్ల దగ్గర ఉండడమే ఫికరని నాకు అప్పటికి తెలియదు.

పొద్దున్నే చేవెళ్లలో బస్సెక్కి మొయినాబాదులో దిగడం, సాయంత్రం మొయినాబాదులో ఎక్కి చేవెళ్లలో దిగడం, ఇంతే నా లోకం. అదే బస్సులో నాతో చదివినవాళ్లు ఇంకా ముందుకు, పట్నానికి పోయేవాళ్లు. అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సు నేర్చుకునేవాళ్లతో సీట్లు నిండిపోయేవి. వాళ్ల చేతుల్లో మందపాటి పుస్తకాలు, నా చేతిలో దిద్దాల్సిన పేపర్ల కట్ట. మొయినాబాదు రాగానే నేను లేచి దిగుతుంటే, "సారు బడొచ్చింది, జరుగుండ్రి జరుగుండ్రి" అని నా క్లాసుమేటు ఒకడు కండక్టరు గొంతుతో అరిచి బస్సంతా నవ్వించేవాడు. రోజూ అదే మాట, రోజూ అదే నవ్వు. వాడిప్పుడు ఎక్కడున్నాడో తెలియదు గానీ ఆ గొంతు మాత్రం నా చెవిలోనే ఉన్నది. రోడ్డు పొడుగునా గులాబీ తోటలకు ప్రహరీలు లేచి ఫాంహౌసులు అవుతున్న కాలం అది. ఊరంతా ఎటో కదిలిపోతున్నట్టుండేది, నేను మాత్రం బస్సు దిగేవాణ్ని.

మా బడిలోనూ కంప్యూటర్లు వచ్చాయి. మా మామ బామ్మర్ది ఏదో కోర్సు చేసి కంప్యూటర్ సారుగా వచ్చి, ఆ సిమెంటు గదిని ఆనుకొని ఇంకో గది కట్టించి, మూడు కంప్యూటర్లను పట్టు చీరల్లాగా గుడ్డలు కప్పి దాచాడు. అందులోకి చెప్పులు విడిచి వెళ్లాలి. ఒకనాడు నేను కాళ్లు కడుక్కొని మరీ వెళ్లి, వెనక వైర్లు ఎట్లా తగిలించారో చూద్దామని వంగితే, పిల్లల ముందే, "సార్, మీరు ముట్టొద్దు, షాక్ కొడ్తది" అన్నాడు. ఫిజిక్సు చదివిన మనిషితో అన్న మాట అది. పిల్లలు నవ్వారు. అప్పటి నుంచి నేను ఆ గది గడప తొక్కలేదు.

అందుకేనేమో, పట్నంలో కంప్యూటర్లు బిగించి, చెడిపోతే బాగుచేసి ఇచ్చే ఒక కంపెనీలో మనుషులు కావాలని పేపర్లో చూడగానే, ఇంట్లో కూడా చెప్పకుండా ఒక ఆదివారం పోయి ఇంటర్వ్యూ ఇచ్చాను. నా ముందు ఒక పాడైన బోర్డు పెట్టి ఎక్కడ తెగిందో కనుక్కోమన్నారు. కనుక్కున్నాను. రాబోయే నెల మొదటి సోమవారం అసలు సర్టిఫికెట్లు తెచ్చి చూపించి చేరమన్నారు. ఆ రోజు బస్సులో తిరిగి వస్తుంటే మొయినాబాదు వచ్చినా నేను దిగాల్సిన పని లేదని, కిటికీలోంచి ఆ రేకుల షెడ్డును చూసి పరాయి ఊరి బడిని చూసినట్టు చూశాను. జీవితంలో అంత తేలిగ్గా ఊపిరి పీల్చుకున్న రోజు ఇంకోటి గుర్తు లేదు.

మర్నాడే మామను కాగితాలు అడిగాను. ఆయన కోపం చేయలేదు, అదే నాకు అనుమానం తెప్పించాల్సింది. చాయ తెప్పించి, మా బడికి ఎదురుగా అప్పుడే లేచిన కొత్త బడి బోర్డును కిటికీలోంచి చూపించి, పిల్లలంతా అటు పోతున్నారనీ, చేవెళ్లలో జరగబోయే సైన్సు ఫేరులో మన బడికి పేరు వస్తే తప్ప నిలబడలేమనీ చెప్పుకొచ్చాడు. ఆఖరుకు, "అల్లుడూ, ఫస్ట్ ప్రైజ్ తెచ్చి నా చేతిల పెట్టు. తెల్లారి నీ కాయితాలు నీ చేతిల పెడ్త. నీ అక్క మీద ఒట్టు" అన్నాడు. సైన్సు ఫేరు ఆ సోమవారానికి ముందు వచ్చే శనివారమే. నాకు ఇంకో దారి ఉన్నదా?

కంప్యూటర్ సారు అప్పటికే ఫేరుకు కంప్యూటర్ను తీసుకుపోవడం ఖాయమైంది. దానికి ఆటో మాట్లాడారు, పరుపు మాట్లాడారు. నాతో మాత్రం మామ, "నువ్వు ఖర్చు లేకుండ ఏమన్న చెయ్యి, నీకు తెలివి ఉన్నది గద" అన్నాడు. పొగిడి ఖాళీ చేతులతో పంపడం మా మామ దగ్గరే చూడాలి. ఖర్చు లేకుండా అని ఆలోచిస్తే, ఇంట్లో దొరికే వాటితో స్పీకరు చేసి చూపించాలని తట్టింది. అయస్కాంతం మా ఇంట్లో పగిలిపోయిన పాత టేప్ రికార్డరులోంచి ఊడదీశాను. పాడే భాగానికి పెళ్లి విందులో మిగిలిన కాగితం పళ్లెం. పళ్లెం అయస్కాంతానికి తగలకుండా కొద్దిగా పైకి తేలి ఉండాలి కనుక, పాత శుభలేఖలను పట్టీలుగా కత్తిరించి, విసనకర్రలాగా మడతలు పెట్టి, పళ్లానికి కాళ్లుగా అతికించాను. ఎవరెవరి పెళ్లిళ్లో తెలియదు, వధూవరుల పేర్లు మడతల్లోంచి తొంగిచూస్తుండేవి. మా అవ్వ చూసి, "శుభలేఖలు కోస్తవేందిరా, పాపం" అని అరిచి, వాటిలో మా పెద్దబాపు బిడ్డ పెళ్లిది మాత్రం గుంజుకొని పక్కకు పెట్టింది.

ఇక తీగ. చేవెళ్లలో పుట్టి పెరిగిన ఎవణ్నైనా రాగి తీగ ఎక్కడ దొరుకుతుందని అడగండి, మోటరు వైండింగు దుకాణం అంటాడు. లో వోల్టేజికి బోరు మోటర్లు కాలిపోవడం మాకు వాన రావడం కన్నా మామూలు. మా చిన్నాయినకే అటువంటి దుకాణం ఉన్నది. దుకాణం ముందు కాలిన మోటర్లలోంచి తీసిన పాత తీగ గడ్డివాములాగా కుప్ప పడి ఉండేది. నేను పోయి కావలసినంత తెచ్చుకొని, అందులో సన్నపాటిది ఏరి, రేడియో సెల్లుకు కాగితం చుట్టి, దాని మీద తీగను పక్కపక్కనే ఒత్తుగా చుట్టి, సెల్లు తీసేసి, ఆ చుట్టను పళ్లెం అడుగున బంకతో అతికించాను. అయస్కాంతం మీద పళ్లెం నిలబెట్టి, రెండు కొసలు బడి టేప్ రికార్డరుకు తగిలించి మీట నొక్కాను. కుయ్యి లేదు, కయ్యి లేదు. టేప్ రికార్డరు మాత్రం వీపు మీద చెయ్యి పెట్టలేనంత వేడెక్కింది. మళ్లీ చుట్టాను. ఇంకా ఎక్కువ చుట్లు వేశాను. పళ్లెం మార్చాను, కాళ్లు మార్చాను. రోజులు పోతున్నాయి, పళ్లెం మూగగానే ఉన్నది. కంప్యూటర్ సారు తొంగిచూసి, "అన్నం పెట్టుండ్రి సార్, అప్పుడు పాడ్తదేమో" అన్నాడు. స్టాఫ్ రూములో ఎవరెవరు నవ్వారో ఒక్కొక్కరి పేరు చెప్పగలను, కానీ ఎందుకులే.

ఒక సాయంత్రం ఆ తీగ కొసను టేప్ రికార్డరుకు తగిలిస్తుంటే నా వేళ్లకు మసి అంటింది. అప్పుడు వెలిగింది. కొత్త వైండింగు తీగకు పైన వార్నిషు పొర ఉంటుంది, కొసలు బ్లేడుతో గీకితే గానీ కరెంటు పారదు. చిన్నప్పుడు చిన్నాయిన దుకాణంలో ఎన్ని కొసలు గీకలేదు నేను! ఈ తీగకు మాత్రం ఒక్కసారి కూడా గీకాల్సిన పని పడలేదు. ఎందుకు పడుతుంది? కాలిన మోటరులోంచి పాత వైండింగు ఊడి రావాలంటే దాన్ని మంటలో వేసి కాలుస్తారు. పొరంతా అక్కడే కాలిపోతుంది. మిగిలింది వట్టి రాగి. ఎన్ని చుట్లు చుట్టినా ఒకదానికొకటి తగులుకొని అన్నీ కలిసి ఒక్క చుట్టే. మా ప్రాంతం మనిషి తప్ప ఇంకొకడు చేయలేని తప్పు అది. తీగ కుప్పలు కుప్పలుగా కళ్ల ముందు ఉన్నవాడికే కాలిన తీగ మీద అంత నమ్మకం ఉంటుంది.

చిన్నాయినను కొత్త తీగ అడిగితే, ఉద్యోగం చేసుకునేవాడివి ఇంకా ఇంటి మీదనే పడతావా అని పది మంది రైతుల ముందు ఒక మాట అని, ఆ తర్వాతే టేబుల్ ఫ్యానుకు చుట్టగా మిగిలిన సన్న తీగ రీలు చేతిలో పెట్టాడు. తీగ తీసుకున్నాను, మాట కూడా తీసుకున్నాను. ఇంటికి వచ్చి మళ్లీ మొదటి నుంచి చుట్టి, ఈసారి కొసలు ఎర్రగా మెరిసేదాకా గీకి, ఇంటికి తెచ్చుకున్న బడి టేప్ రికార్డరుకు తగిలించాను. మీట నొక్కగానే పళ్లెం ఒక్కసారి వణికి, బడి ప్రార్థన గీతం సన్నగా, ముక్కుతో పాడినట్టు, కానీ మాటమాటా తెలిసేటట్టు పాడింది. పళ్లెం మీద చెయ్యి పెడితే పాట అరచేతిలో కదిలేది. మా అవ్వ వంటింట్లోంచి వచ్చి నిలబడి, కాసేపు విని, "దీనికి నోరెక్కడున్నదిరా" అని పళ్లెం అటూ ఇటూ తిప్పి చూసింది. నాకైతే అది ప్రార్థన గీతంలాగా వినిపించలేదు, బీరువా తాళం తిరిగిన చప్పుడులాగా వినిపించింది.

ఫేరులో నా బల్లను మూలకు, నీళ్ల డ్రమ్ము పక్కన వేశారు. కంప్యూటర్ నడి హాలులో, చుట్టూ పూలకుండీలతో. జడ్జీలు ఇంకా మొదటి వరుసలో ఉండగానే కరెంటు పోయింది. చేవెళ్లలో శనివారం కరెంటు పోదని ఎవరైనా ఎట్లా అనుకున్నారో నాకు అర్థం కాదు. లైట్లు, బల్బుల సౌర కుటుంబాలు, తిరిగే గాలిమరలు, మా కంప్యూటర్, అన్నీ ఆగిపోయి హాలంతా ఒక్కసారి నిశ్శబ్దమైంది. ఆ నిశ్శబ్దంలో నీళ్ల డ్రమ్ము పక్కనుంచి నా కాగితం పళ్లెం పాడుతూనే ఉన్నది, ఎందుకంటే నా టేప్ రికార్డరు సెల్లుల మీద నడుస్తున్నది. పాట ఎక్కడి నుంచి వస్తున్నదో వెతుక్కుంటూ జడ్జీలే నా దగ్గరకు వచ్చారు. ఒకాయన పళ్లెం ఎత్తి చూసి, మడతల్లో వధువు పేరు చదివి, పెద్దగా నవ్వి, ఏది ఎట్లా పని చేస్తున్నదో బల్ల పక్కన నిలబడ్డ మా బడి పిల్లల చేత చెప్పించుకున్నాడు. ఫస్ట్ ప్రైజ్ మాకే వచ్చింది. షీల్డు మామ పట్టుకున్నాడు, రెండో వైపు కంప్యూటర్ సారు పట్టుకున్నాడు. ఆ ఫోటో చాలా ఏళ్లు ఆఫీసు గోడకు ఉండేది. అందులో పళ్లెం ఉన్నది, పళ్లెం పట్టుకున్న నా చెయ్యి ఉన్నది. నేను లేను.

ఆదివారం పొద్దున్నే మొయినాబాదులో మామ ఇంటికి పోయాను. ఆయన వరండాలో కూర్చొని, అచ్చుకివ్వబోయే కరపత్రం నమూనా నా ముందే పైకి చదివాడు. పిల్లల చేత సొంతంగా స్పీకర్లు తయారు చేయించే బడి ఇదొక్కటేనని అందులో ఉన్నది. నేను కాగితాల మాట ఎత్తాను. ఆయన చాలా ఆశ్చర్యపోయినట్టు నా వైపు చూసి, "పిచ్చోడా, ప్రైజ్ రాకపోతే పంపేటోన్నే. వచ్చినంక ఎట్ల పంపిస్త? నీ అసొంటి సారు పోతే ఈ కాయితం చూసి వచ్చెటోళ్లకు నేనేం చూపియ్యాలె?" అన్నాడు. ఒట్టు సంగతి గుర్తు చేస్తే, ఒట్టు కాగితాలు ఇస్తానని వేశాను గానీ ఏ తెల్లారి ఇస్తానో చెప్పలేదని నవ్వాడు. మొలతాడుకు ఆ తాళంచెవి నాకు కనబడుతూనే ఉన్నది. ఆ రోజు ఆయన ఇవ్వకపోతే గొడవ చేయాలనే వచ్చాను నేను. పెద్దమనుషుల్లో పెడతాను, పోలీసు స్టేషనుకు పోతాను అనే మాటలు బస్సులో వరసగా అల్లుకొని వచ్చాను.

అప్పుడు మా అక్క చాయ తెచ్చింది. లోపల ఫోను మోగితే మామ లేచి పోయాడు. అక్క గ్లాసు నా చేతిలో పెట్టి, తలుపు వైపు చూస్తూ, గొంతు తగ్గించి చెప్పింది. "తమ్మీ, నువ్వు లొల్లి పెట్టుకొని పోతే పోతవు, పట్నంల బతుకుతవు. ఈ ఇంట్ల ఉండేది నేను. రేపటి సంది నేను తినే ప్రతి బుక్కకు నీ పేరు చెప్తరు నాకు. జర ఆలోచించు." చాయ మీగడ కట్టేదాకా నేను గ్లాసు పట్టుకొని కూర్చున్నాను. మామ తిరిగి వచ్చి, ఏమంటావు అల్లుడూ అంటే, ఏమీ లేదు మామా అన్నాను. ఆ మూడు మాటలే నా జీవితం. సోమవారం పొద్దున బస్సులో మొయినాబాదు రాగానే లేచి దిగాను. "సారు బడొచ్చింది" అని వెనక నుంచి అరుపు వినబడింది.

ఆ తర్వాత ప్రతి ఏడాదీ నా చేత స్పీకరు చేయించారు. బడి చూడటానికి తల్లిదండ్రులు వచ్చిన రోజున బల్ల మీద పెట్టించి నన్ను పక్కన నిలబెట్టేవారు. కంపెనీవాళ్లు నా స్థానంలో ఎవరినో తీసుకున్నారు. ఆ కంపెనీ పెరిగింది, ఆ తీసుకున్నవాడు ఎక్కడికి చేరాడో ఊహించుకోవడం మాత్రం నేను మానేయలేదు. చివరికి రోడ్డు పక్క భూములకు రేట్లు లేచినప్పుడు, మామ బడి జాగాను ఇళ్ల వెంచరువాళ్లకు ఇచ్చేసి, ఒక మధ్యాహ్నం మమ్మల్నందరినీ వరసగా పిలిచి, ఎవరూ అడగకుండానే, ఎవరి కాగితాలు వాళ్ల చేతిలో పెట్టాడు. నా కవరు పసుపుపచ్చగా మారి కాగితానికి అతుక్కుపోయింది. అప్పటికి అవి ఎక్కడా చూపించి చేరే వయసు నాకు లేదు. ఆ తర్వాత నేను శంకర్‌పల్లిలో ట్యూషన్లు చెప్పుకుంటూ బతికాను.

కిందటి ఏడాది ఒక పెళ్లిలో అక్క కలిసింది. మామ పోయి చాలా కాలమైంది, ఆమె పట్నంలో కొడుకు దగ్గర అపార్టుమెంటులో ఉంటున్నది, ముఖంలో ఏ భయమూ లేదు. అన్నాళ్లూ దాచుకున్నది ఆగలేక, ఆ ఆదివారం చాయ తెచ్చి నువ్వు చెప్పిన మాట మీదనే నేను ఆగిపోయాను అక్కా అన్నాను. ఆమె చాలాసేపు గుర్తు చేసుకోవాలని చూసింది. తర్వాత నా చేతి మీద చెయ్యి వేసి, "నేనన్ననా తమ్మీ? అని ఉంట. అప్పట్ల అందరితోని అట్లనే అంటుంటి గద, ఎవరొచ్చి లొల్లి చేసినా దెబ్బలు నాకే పడేటివి" అన్నది. ఆమె ఏ ఇంట్లో ఎట్లా బతికిందో ఆ ఒక్క మాటలో నాకు తెలిసింది. తెలిసిన తర్వాత ఆమె మీద కోపం పెట్టుకోవడానికి నాకు చోటు లేకుండా పోయింది, అది కూడా నాకు అన్యాయంలాగానే అనిపించింది.

ఇప్పుడు బళ్లలో ఎవరి కాగితాలూ ఎవరూ దాచుకోరు. అన్నీ ఫోనులోనే ఉంటాయట. సారు నెల నడుమ మానేసి, ఒక మెసేజి పెట్టి వెళ్లిపోతాడు, పిల్లలకు సారు పేరు నోటికి రాకముందే ఇంకో సారు వస్తాడు. మంచిదే. నాకు దొరకనిది వాళ్లకు దొరికింది, దానికి నేను ఏడవడం లేదు. కాకపోతే చేవెళ్ల నుంచి పట్నం దాకా ఆ రోడ్డు మీద ఇప్పుడు ఎవరైనా ఎక్కడికైనా పోవచ్చు, ఎవరినీ ఎవరూ ఆపరు. నేను ఆగిపోయిన రోజుల్లో, నన్ను ఆపినందుకు తిట్టుకోవడానికి ఒక మనిషి ఉండేవాడు, నేను ఆగితే ఒక పూట తిట్లూ దెబ్బలూ తప్పే మనిషి ఒకామె ఉండేది. ఇప్పుడు నేను పోయినా ఆగినా ఎవరికీ ఏమీ కాదు. ఇంత స్వేచ్ఛ ఇంత ఆలస్యంగా ఇచ్చినందుకు ఎవరి మీద ఫిర్యాదు చేయాలో మాత్రం నాకింకా తెలియలేదు.